కొమ్ము విరిగిన ఆవు

మొన్న సంక్రాంతికి మా నాన్న కోసం ఒక గళ్ళ పజిల్ కట్టి ఊరికి పట్టుకెళ్లాను. తొమ్మిది బై తొమ్మిది. నాన్న రిటైరైన ఆర్టీసీ కండక్టరు. హనుమాన్ జంక్షన్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చుని, చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి, గంటలోపే పూర్తి చేసి కాగితం నా చేతిలో పెట్టాడు. అన్నీ సరిపోయాయి. కుడివైపు అట్టడుగు మూల గడి ఒక్కటే తేడా.

అక్కడ ముగిసే అడ్డం ఆధారం ఇది: "హనుమంతుడి తర్వాత నాలుగు దారులు (3)". మా ఊరివాళ్లకి ఇది ఆధారం కూడా కాదు, చిరునామా. విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు కలిసే చోట ఆంజనేయస్వామి గుడి ఉంది. ఊరి పేరు అందులోంచి వచ్చిందే. నేననుకున్న జవాబు జం, క్ష, న్. పైనుంచి దిగొచ్చి అదే గడిలో ముగిసే నిలువు మాట టి, ఫి, న్. నాన్న ఆ గడిలో 'ను' రాశాడు. జంక్షను, టిఫిను.

"అక్కడ పొల్లు ఉండాలి నాన్నా."

"ఎందుకుండాలి?"

"బోర్డుల మీద అలాగే రాస్తారు కదా."

"ముప్పయ్యేళ్లు ఆ ఊరి పేరు అరిచానురా. జంక్షనూ, జంక్షనూ అనేవాణ్ణి. పొల్లు మీద అరవలేం. గాలి ఆగిపోద్ది."

నవ్వి ఊరుకోవచ్చు. కానీ గళ్ళు కట్టేవాడిగా నాకది నవ్వులాటగా అనిపించలేదు. ఎందుకంటే నిగూఢ ఆధారం మంచిదో కాదో చెప్పడానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: జవాబు దొరికిన క్షణంలో అదే జవాబని పూరించేవాడికి తెలిసిపోవాలి, వచ్చేవారం పేపరు దాకా ఆగక్కర్లేకుండా. నాన్నకి ఆ నమ్మకం కుదిరింది. నాకూ కుదిరింది. ఇద్దరివీ వేరువేరు జవాబులు. అంటే నా మూల గడి నా కొలతకే ఓడిపోయింది.

ఈ కొలత నాకు ఇంగ్లిషు గళ్ళ నుంచి వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మధ్యాహ్నం భోజనాల దగ్గర 'ది హిందూ' పజిల్ చుట్టూ నలుగురం చేరేవాళ్లం. మొదటి ఆరు నెలలు నేను ప్రేక్షకుణ్ణి. తర్వాత సూత్రం అర్థమైంది. ఆధారంలో రెండు ముక్కలుంటాయి: ఒకటి జవాబుకి సూటి అర్థం, రెండోది జవాబు అక్షరాలను కట్టే తమాషా. మూడోది ఉండకూడదు. 1966లో దీన్ని పుస్తకంగా రాసిపెట్టిన పెద్దమనిషి జిమెనీజ్, అసలు పేరు మెక్‌నట్. ఆయనకి ముందు 1926 నుంచి 'అబ్జర్వర్' పత్రికలో గళ్ళు కట్టినాయన టార్కెమాడా. రెండూ స్పెయిన్‌లో మతవిచారణ జరిపించిన అధికారుల పేర్లు. పూరించేవాణ్ణి చిత్రహింస పెడతాం అని ముందే చెప్పేశారన్నమాట. కానీ హింసకి కూడా నియమం ఉండాలన్నాడు జిమెనీజ్. ఇంజనీరింగ్ చదివినవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఆ నియమాల్ని అలాగే పట్టుకొచ్చి తెలుగులో వాడబోయాను.

అవి మొట్టమొదట అక్షరం దగ్గరే ఇరుక్కుపోయాయి. ఇంగ్లిషులో గడికొక లిపి గుర్తు. తెలుగులో గడికొక అక్షరం, గుణింతంతో సహా, ఒత్తులతో సహా. గళ్ళు నింపడానికి నేను రాసుకున్న మొదటి ప్రోగ్రాముకి ఇది తెలీదు. యూనికోడ్‌లో 'స్త్రీ' అంటే ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. మనిషికి అది ఒక గడి. ప్రోగ్రాము దాన్ని ఆరు గళ్ళుగా పరిచింది. తిరగేయమంటే ముందు దీర్ఘాన్ని గాల్లో వేలాడదీసి, వెనక పొల్లుల్ని అతికించింది. అక్షరాలు విడగొట్టడానికే ఒక వారాంతం పోయింది.

దీని ఫలితం ఆధారాల మీద కూడా ఉంటుంది. 'కలము'ని ఎంత కలియబెట్టినా 'కమల' రాదు. ముకి ఉన్న కొమ్ము మలోకి మారదు, లకి వెళ్లదు. నాన్న భాషలో చెప్పాలంటే గుణింతం సామాను లాంటిది, ఎవరితో ఎక్కిందో వాళ్లతోనే దిగాలి. అందుకే అక్షరాల తారుమారుతో కట్టే ఆధారాలు తెలుగులో తక్కువ. కుదిరినప్పుడు మాత్రం పండగే. "తారుమారు కావడం వలన పెద్ద కథ (3)". ఇందులో 'వలన' విభక్తిలాగా నటిస్తూ కూర్చుంది. నిజానికి తారుమారు కావాల్సింది అదే. జవాబు నవల. "తల కిందులైతే తీగ (2)" కూడా అలాంటిదే, లత. ఇది గళ్ళు కట్టే ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు తట్టేదే. ఎవరి సొంతమూ కాదు.

నేను ఎక్కువ గర్వపడింది మాత్రం ఇంకోదానికి. "అటు తిరిగి పడుకున్నా ఇటు తిరిగి పడుకున్నా అదే చిన్న నిద్ర (3)". కు, ను, కు. నాన్న దీని దగ్గర ఆగి, పెన్సిలు కింద పెట్టి, "ఊఁ" అన్నాడు. ఆయన దగ్గర ఇంతకంటే పెద్ద అవార్డు లేదు.

తెలుగులో ఈ ఆటకి గళ్ళకంటే ముందే చాలా చరిత్ర ఉంది. దండి కావ్యాదర్శం మూడో పరిచ్ఛేదంలో ప్రహేళికలు పదహారు రకాలన్నాడు. పూర్వులు పద్నాలుగు దుష్ట ప్రహేళికలు కూడా చెప్పారట. దోషాలకి లెక్కేముంది, నేను మంచివే చెబుతాను అని తప్పుకున్నాడు. ఆ మాట మన దగ్గర ఇంకా బతికే ఉంది. శ్రీశ్రీ తను కట్టిన గళ్ళని పదబంధ ప్రహేళిక అన్నాడు. ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నాడు. ఒకరు సంస్కృతం వైపు, ఒకరు తెలుగు వైపు. ఇద్దరూ భాషని విరిచి లోపలేముందో చూసే అలవాటున్న కవులే కాబట్టి గళ్ళలోకి రావడం వింత కాదు.

ఇంకా దగ్గరి చుట్టం అవధానంలో ఉంది. న్యస్తాక్షరి అడిగే పృచ్ఛకుడు ఏం చేస్తాడు? పద్యంలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం రావాలంటాడు. మిగతాది అవధాని కట్టుకోవాలి. గళ్ళు కట్టేవాడి కష్టం అచ్చంగా ఇదే: అడ్డం మాట మూడో అక్షరం ముందే బిగిసిపోయింది, దాని చుట్టూ నిలువు మాట వెతుక్కోవాలి. తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వారు పాఠాలు చెప్పిన బందరు మా ఊరికి దూరమేం కాదు. పెన్సిలూ రబ్బరూ లేకుండా, సభలో, ఛందస్సు తప్పకుండా చేసేవాళ్లు ఆ పనిని. నేను ప్రోగ్రాముని రాత్రంతా తిప్పి తొమ్మిది బై తొమ్మిది నింపాను.

దండికున్న సౌకర్యం విమర్శ రాసేవాడికి ఉండదు కాబట్టి దుష్టమైనవాటి గురించి కూడా చెప్పాలి.

అన్నిటికంటే పాత దోషం "స్త్రీ (3)". వనిత, పడతి, లలన, ఉవిద, ముదిత, నెలత, మగువ, అతివ, తరుణి. తొమ్మిదీ మూడక్షరాలే, ఇంకా ఉన్నాయి. ఇది ఆధారం కాదు, నిఘంటువులో పేజీ నంబరు. పక్క మాటలు పడేదాకా చేతులు ముడుచుకు కూర్చోవడమే. పైగా ఇందులో ఒక్క మాటతో కూడా మా అమ్మని ఎవరూ పిలవగా నేను వినలేదు. తెలుగు గళ్ళు బతికించే భాష ఎక్కడిదో ఈ ఒక్క ఆధారం చెబుతుంది. 'పొద్దు'లో గడి, 'ఈమాట'లో గడినుడి లాంటివి వచ్చాక నిగూఢ ఆధారం అంటే ఏమిటో నా వయసువాళ్లకి తెలిసింది. ఆదివారం అనుబంధాల్లో మాత్రం ఉవిద ఇంకా దర్జాగా తిరుగుతోంది.

రెండో దోషం మీదే నాకూ నాన్నకీ అసలు గొడవ. తెలుగులో అక్షరం మొత్తంగా కలవాలి కాబట్టి గళ్ళు నిండటం కష్టం. క దొరికితే చాలదు, కే కావాలంటే కే దొరకాలి. దొరకనప్పుడు కట్టేవాడు ఒక దొంగదారి తొక్కుతాడు. జవాబునే విరిచి గళ్ళలో పెట్టి, ఆధారం చివర "కొమ్ము పోయింది", "దీర్ఘం మింగేశారు", "చివరి అక్షరం జారిపోయింది" అని తగిలిస్తాడు. తిరగేసిన మాటలూ అంతే. ఇంగ్లిషులో తిరగేస్తే ఇంకో మాట రావాలి, గళ్ళలోకి వెళ్లేది ఆ మాట. మన దగ్గర తిరగేసిన శవాన్నే గడిలో పడుకోబెడతారు. పజిల్ పూర్తయ్యాక చూస్తే సగం గళ్ళలో ఉన్నవి ఏ భాషకీ చెందని ముక్కలు. కట్టడంలో ఓడిపోయి, ఆ ఓటమిని పూరించేవాడి చేత రాయించడం ఇది. ఇలాంటి వాదనే పెట్టి, ఉదాహరణకి ఒకటి అక్కడికక్కడే కల్పించి చెప్పాను: "ఆవు కొమ్ము విరిగింది (2)". చూడు నాన్నా, గళ్ళలో ఆవ అని రాయాలి, ఇదేం మాట?

నాన్న నన్ను జాలిగా చూశాడు. "ఆవ తెలీదురా నీకు? పనసపొట్టు కూరలో ఏం పెడతారనుకున్నావ్?"

నేను తిట్టడానికి కల్పించిన ఆధారం నాకంటే తెలివైనదిగా తేలింది. దానికి లేనిది సూటి అర్థం ఒక్కటే. "కొమ్ము విరిగిన ఆవుకి ఘాటెక్కువ (2)" అంటే చాలు, జిమెనీజ్ కూడా లేచి నిలబడతాడు. ఇంగ్లిషులో ఎంత పెద్ద మొనగాడికీ ఈ ఆధారం సాధ్యం కాదు. కొమ్ము అంటే ఆవుకుండేదీ, వుకి ఉండేదీ కావడం తెలుగు ఇచ్చిన వరం. సున్న, దీర్ఘం, గుడి, ఒత్తు, తలకట్టు, మన రాతలో ప్రతి గుర్తుకీ ఇంట్లోనో ఊళ్లోనో ఇంకో అర్థం ఉంది. నేను ఇంగ్లిషు నియమాల వెంట పడి ఈ గనిని దోషాల ఖాతాలో వేసేశాను.

ఆ రాత్రి దీని గురించే ఆలోచించాను. బాణుడి కాదంబరిలో శూద్రక మహారాజు పొద్దుపుచ్చే ఆటల్లో అక్షరచ్యుతకం, మాత్రాచ్యుతకం ఉంటాయి. అలంకారికులు బిందుచ్యుతకం అని కూడా ఒకటి చెప్పారు. అక్షరం రాలిపోవడం, మాత్ర రాలిపోవడం, సున్న రాలిపోవడం. కొమ్ము విరగడం ఆ కులంలోదే. కానీ వాటికొక షరతుంది. రాలిపోయాక మిగిలినదానికి కొత్త అర్థం రావాలి. ఆ షరతు నిలబెడితే మన ఆదివారం గళ్ళ దొంగదారే రాజమార్గం అవుతుంది. పొద్దున లేచి నాన్నకి ఒకటి వినిపించాను. "సున్నా దిగిపోయాక బండి పిల్లల్ని దించే చోటు (2)". బండిలోంచి సున్నా దిగితే బడి. ఆయనకి నచ్చింది. బండి ఉంది కదా అందులో.

నియమాల గురించి నేను తగ్గిన ఇంకో చోటు ఉంది. సూటి అర్థం లేని ఆధారం చెల్లదు అని పాఠం మొదలుపెట్టబోతే, నాన్న తను కట్టిందొకటి వదిలాడు: "ఊడినా బాధే, కట్టినా బాధే (2)". జవాబు పన్ను. దీన్ని జిమెనీజ్ ముందు పెడితే కొట్టిపారేస్తాడు. అర్థం ఏది, అక్షరాల తమాషా ఏది? విడదీయలేం. ఇది పొడుపు కథ. మన అమ్మమ్మలు విప్పుకోమని వేసేవాటి వంశం. అయినా నా కొలతకి నిలుస్తుంది, జవాబు తట్టాక రెండో ఆలోచన రాదు. పైగా ఇన్‌కమ్ టాక్స్ కట్టేవాడికీ, పన్ను కట్టించుకునేవాడికీ క్రియ కూడా ఒకటే. కాబట్టి ఇక్కడ నేను ఇంగ్లిషు నియమాన్ని వదిలేశాను, కొలతని ఉంచుకున్నాను.

అన్నిట్లోనూ తగ్గాననుకోకండి. ఒకచోట నాన్నదే తప్పని ఇప్పటికీ అంటాను. నా గళ్ళలో నిలువు ఒకటి 'పోద్ది'. "కరెంటు ఇప్పుడు చేసే పని, మా ఊళ్లో (2)" అని ఆధారం. చివర్లో 'మా ఊళ్లో' అని హెచ్చరిక కూడా ఇచ్చాను. ఆయన పూరించాడు, పూరించి పక్కన ఇంటూ మార్కు పెట్టాడు. "ఇది పేపర్లో వేసే మాట కాదు." ఐదు నిమిషాల క్రితం 'గాలి ఆగిపోద్ది' అన్న మనిషే ఈయన. ఆయన దృష్టిలో గళ్ళంటే ఇస్త్రీ చొక్కా. డ్యూటీలో ఎలా మాట్లాడినా పెన్సిలు పట్టుకున్నాక ఉవిద రాయాలి, పోద్ది రాయకూడదు. గిడుగు రామమూర్తి పంతులు పోయి ఎనభై ఏళ్లు దాటింది. వాడుక మాట కథలోకి వచ్చింది, కవితలోకి వచ్చింది, గళ్ళలోకి ఇంకా రాలేదు. నోరారా అనే మాటని నువ్వే ఎందుకు కొట్టేస్తావు నాన్నా అంటే సమాధానం చెప్పలేదు, లోపలికెళ్లి కాఫీ తెచ్చుకున్నాడు. నాకు నిజంగానే బాధేసింది. చిన్నప్పుడు కాన్వెంటులో నా చేత పోద్ది మాన్పించినవాళ్లున్నారు. నేను తిరిగి నేర్చుకుని గళ్ళలో పెడితే ఈయన కూడా అదే ఇంటూ మార్కు పెట్టాడు.

మరి జంక్షను? అది కూడా ఇస్త్రీ చొక్కానే అనుకున్నాను మొదట, పాతకాలం రాత అని. కానీ కండక్టరు అరుపు పాతకాలం రాత కాదు. తిరిగి హైదరాబాదు వచ్చాక ప్రోగ్రాము తెరిచి చూశాను. పొల్లుతో ముగిసే మాటలు, బస్, ఫోన్, స్టేషన్, జంక్షన్, ఎప్పుడూ కుడి అంచుకో కింది అంచుకో, లేదా నల్లగడి పక్కకో వెళ్లి కూర్చుంటున్నాయి. కారణం తేలికే. న్‌తో మొదలయ్యే మాట తెలుగులో లేదు. ఆ గడిలోంచి కిందకి కొత్త మాట మొదలుపెట్టలేం. రెండు మాటలూ అక్కడ చావాల్సిందే. అదే ను అయితే నుదురు మొదలవుతుంది, నురగ మొదలవుతుంది, నుయ్యి తవ్వుకోవచ్చు. అచ్చుతో ముగియడం తెలుగు మాట అందం అని బడిలో చెబితే పరీక్ష కోసం రాశాను. గళ్ళ దగ్గరికొచ్చేసరికి అది అందం కాదు, అవసరం. మాట అచ్చుతో ముగిస్తేనే దాని మీంచి ఇంకో మాట బయల్దేరగలదు.

ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కంప్యూటరు దృష్టిలో న్, ను రెండూ ఒకే పొడవని, పొల్లైనా కొమ్మైనా నకి తగిలించే ఒక గుర్తేనని, ఏది తగిలించాలనేది మనిషి నిర్ణయమేనని కూడా చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు.

"నేన్చెప్పింది అదేగా. పొల్లు పెడితే బస్సు అక్కడే ఆగిపోద్ది. ను పెడితే అక్కణ్ణించి ఇంకో బస్సు బయల్దేరుద్ది. జంక్షనంటే మరేంటి?"

'పోద్ది' పక్కన ఇంటూ గురించి మళ్లీ అడిగాను. "ఆలోచిద్దాం" అన్నాడు.

నా పజిల్‌లో ఆ మూలని తిరగరాశాను. గళ్ళు ఒక వరస పెంచి, ను కింద నుయ్యి తవ్వాను. టిఫిను వేరే చోటికి మారింది. జంక్షను మాత్రం కొమ్ముతో ఉంది.

పోయిన వారం వాట్సాప్‌లో నాన్న నుంచి ఒక ఆధారం వచ్చింది. ఆయన సొంతంగా కట్టి నాకు పంపిన మొదటిది. "ఎక్కేవాడికి ఉంటుంది, దిగేవాడికి ఉండదు (2)". నాకు రెండ్రోజులు పట్టింది. జవాబు తట్టాక మాత్రం అనుమానం మిగల్లేదు, కాబట్టి ఆధారం మంచిదే. సీటు కాదు.